ఆచార్య గోపాలరావుగారి శాస్త్రకృషిని గూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు బహిరంగ లేఖ

బల్లార్పూర్,
చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్రము.

మహారాజశ్రీ ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఉపాధ్యక్షులవారికి,

వర్ధానదీ తీరమున బొగ్గుగనులకును కాగితపు పరిశ్రమకును నెలవైన ఈ ఊర స్థిరపడి, కర్మాగార ప్రయోగశాలలలో బ్యూరెట్టు చేతబట్టి జీవితమును గడిపిన ఒక తెలుగు రసాయనజ్ఞుడు వ్రాసికొను విన్నపమిది. 1926లో ఆవిర్భవించిన తమ విశ్వవిద్యాలయము నూరేండ్ల పండుగ జరుపుకొను ఈ తరుణమున, ఆ సంస్థ కీర్తిని ఖండాంతరములకు మోసికొనిపోయిన మహనీయుల పేర్లు సభలలో వినవచ్చుట సహజము. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని, కట్టమంచి రామలింగారెడ్డిగారిని ఎవ్వరును మరువరు. కాని వైశ్లేషిక రసాయనశాస్త్రమున, తమ విశ్వవిద్యాలయమునకు నెలవైన విశాఖపట్టణపు వాల్తేరు పేరును ప్రపంచపు పరిశోధన పత్రికలలో దశాబ్దములపాటు నిలిపిన ఆచార్య జి. గోపాలరావుగారి పేరు, ఆ శాస్త్రమును వృత్తిగా గైకొన్న మావంటివారి నోట దక్క, తక్కినవారి నోట వినబడుట అరుదైనది. ఆ లోపము తీరవలెనని కోరి, ఎట్లు తీరగలదో నాకు తోచినంతవరకు విన్నవించుటకే ఈ లేఖ.

చంద్రపూరునకు వాల్తేరుతో ఏమి పొత్తని తాము అడుగవచ్చును. ఈ జిల్లాలోని రాజురా తాలూకా రాష్ట్రముల పునర్విభజనకు పూర్వము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. కాజీపేట బల్లార్షా రైలుమార్గము 1929 నాటికి పూర్తియైన పిదప ఉత్తర దక్షిణముల రాకపోకలకు, బల్లార్షా యను రైలుస్టేషను గల మా ఊరు ద్వారమైనది. గనులలోను మిల్లులలోను పనికై గోదావరి ఆవలి జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు ఇచ్చటనే తరతరములుగా నిలచినవి. చైత్రమాసమున చంద్రపూర్ మహాకాళీ యాత్రకు తెలుగునాటినుండి వచ్చు జనమును చూచినచో ఎల్లలు పటములందే గాని మనుష్యులయందు లేవని తెలియును. ఈ కుటుంబముల బిడ్డలనేకులు రసాయనశాస్త్ర పట్టములు పొంది సిమెంటు, కాగితము, బొగ్గు, విద్యుత్తు కర్మాగారముల ప్రయోగశాలలలో చేరుచున్నారు. వారు నిత్యము చేయు పనికి మూలపురుషులలో ఒకరు తెలుగువారని వారిలో నూటికొక్కరికైనను తెలియదు.

గోపాలరావుగారి విద్యాక్రమమును తలచుకొన్నపుడు నాకు మొదట స్ఫురించునది అలహాబాదు. ఆ కాలమున అచ్చట నీలరతన్ ధర్ పండితుడు భౌతిక రసాయనశాస్త్రమున గొప్ప శిష్యబృందమును తీర్చిదిద్దుచుండెను. సూర్యకాంతి రసాయనచర్యలను ఎట్లు నడిపించుచున్నదన్నది ఆ గురువుగారి జీవితకాల ప్రశ్న. నేలలోని అమోనియా నత్రితములుగా మారుట కేవలము సూక్ష్మజీవుల పనియే కాదు, ఎండవేడిమికిని వెలుగునకును అందు పాత్ర కలదని ధర్ వాదించెను. 1931లో 'సాయిల్ సైన్స్' పత్రికలో అమోనియా లవణముల కాంతిసహాయక ఆక్సీకరణమును గూర్చియు, నేలలో నత్రీకరణ సమస్యను గూర్చియు వెలువడిన వ్యాసమున గోపాలరావుగారి పేరు గురువుగారి పేరు ప్రక్కన కనబడును. అనగా ఆయన పరిశోధన జీవితము విశ్లేషణతో ఆరంభము కాలేదు. కాంతితోను మట్టితోను ఆరంభమైనది. ఈ విషయమును నేను ముఖ్యముగా పేర్కొనుటకు హేతువు కలదు. పిమ్మట వాల్తేరులో ఆయన శిష్యులతో కూడి చేసిన కృషిలో, కాంతిని ఒక క్షయకరణ సాధనముగా వినియోగించి లోహముల పరిమాణమును తేల్చు పద్ధతులు ఒక పాయగా సాగినవి. సేంద్రియ పదార్థమొకటి కలిపిన ద్రావణమును దీపపుకాంతికి గురిచేసినచో లోహము క్రింది స్థితికి దిగును. దానిని పిదప అంశమాపనము (టైట్రేషను) చేయవచ్చును. అలహాబాదులో గురువు నేర్పిన ప్రశ్న వాల్తేరులో శిష్యుని చేతిలో పనిముట్టుగా మారినదన్నమాట. ఒక శాస్త్రజ్ఞుని చదువునకును పరిశోధనకును గల సంబంధము ఇంత స్పష్టముగా కనబడు సందర్భములు మిక్కిలి తక్కువ.

వాల్తేరు నాటి పరిస్థితులు తమకు నాకంటె బాగుగా తెలియును. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి ఔదార్యమున విజ్ఞాన కళాశాల అప్పటికి నూతనముగా నెలకొనియుండెను. రసాయనశాఖకు తిరువేంగడం రాజేంద్రం శేషాద్రిగారి నాయకత్వము లభించి, మొక్కలలోని రంగుపదార్థముల పరిశోధనకు ఆ శాఖ ప్రసిద్ధికెక్కెను. ద్వితీయ ప్రపంచ సంగ్రామము వచ్చి విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలవలసినది కూడ. కుదురుగా కూర్చుండి పరిశోధన సాగించుటకు అనుకూలమైన కాలము కాదది. అట్టి కాలమున ఒక శాస్త్రపాఠశాలను నిర్మించుట యన నేమో, విదేశములనుండి ఒక సీసా రసాయనము వచ్చుటకై నెలలు వేచిన తరమువారికే తెలియును. ఖరీదైన యంత్రములు అక్కరలేని శాస్త్రమును గోపాలరావుగారు చేపట్టిరనుటకంటె, గాజు బ్యూరెట్టును, రంగుమారు సూచికను, మనుష్యుని కన్నును నమ్మి ఎంతటి సూక్ష్మసత్యమును పట్టవచ్చునో చూపిరనుట న్యాయము.

ఆ కృషిలో ముందుగా చెప్పదగినది, వెనేడియము లోహపు లవణమైన సోడియం వెనడేట్ ప్రకరణము. ఆక్సీకరణ అంశమాపనమునకు చిరకాలముగా వాడుకలోనున్న పర్మాంగనేట్ ద్రావణము నిలువయుంచిన కొలది బలము కోల్పోవును. హైడ్రోక్లోరికామ్లమున్న ద్రావణములలో ఇనుముతోపాటు క్లోరైడును కూడ కొంత ఆక్సీకరించి లెక్కను తప్పించును. వెనడేట్ ద్రావణమునకు ఈ చాంచల్యము లేదు; మాసములు గడచినను దాని సాంద్రత మారదు. ఐనను దానికి తగిన సూచికలు ఏవి, ఏ ఆమ్లమున ఏ గాఢతయందు రంగు సరియైన బొట్టునకు మారును, ఏ ఏ పదార్థములు అడ్డుతగులును అన్నది సాంతముగా తేల్చినవారు లేకుండిరి. గోపాలరావుగారును శిష్యులును ఈ పనిని పట్టుదలతో సాగించి, ఇనుము మొదలుకొని యురేనియము వరకు అనేక లోహములకు వెనడేటును విశ్వసనీయమైన కొలబద్దగా చేసిరి. 1862లో ఫ్రెజీనియస్ స్థాపించిన జర్మను వైశ్లేషిక పత్రికలో ఆ వాల్తేరు వ్యాసములు ఒకదాని వెంట నొకటి వెలువడినవి. ఆ పత్రిక ఈ శాస్త్రమునకు ప్రపంచమున మొట్టమొదటిది. అందలి పుటలు తిరుగవేయునపుడు, బంగాళాఖాతపు ఒడ్డున కూర్చుండిన తెలుగు విద్యార్థుల పేర్లు యూరోపు విద్వాంసుల పేర్ల సరసన కనబడి, నాకు కలిగిన సంతోషము ఇప్పటికిని తగ్గలేదు.

ఇక 1962. 'టాలంటా' అను అంతర్జాతీయ పత్రికలో గోపాలరావుగారును ఎస్.ఆర్.సాగిగారును ప్రకటించిన వ్యాసము నా దృష్టిలో ఆయన జీవితకృషికి శిఖరము. దానిని కొంచెము విపులముగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను. ఏలనన ఈ లేఖ చదువు సామాన్య పాఠకునకు ఆ ఘనత అర్థమైననే గాని నా విన్నపమునకు బలముండదు.

యురేనియము ఆరవ సంయోజకత గల స్థితిలో నున్నపుడు దానిని నాలుగవ స్థితికి దించి, ఆ దిగిన దానిని తిరిగి ఆక్సీకరించి కొలుచుట పరిపాటి. దించుటకు పూర్వులు జింకు రసమిశ్రమము నింపిన జోన్స్ గొట్టమును వాడుచుండిరి. ఆ గొట్టము అతిశయించి యురేనియమును కొంతవరకు మూడవ స్థితికి కూడ దింపివేయును. అందుచేత ద్రావణములోనికి గాలిని పంపి, ఎక్కువైన దానిని మరల నాలుగవ స్థితికి తేవలెను. ఇనుము, వెనేడియము మొదలైనవి ఉన్నచో అవియు దిగి లెక్కను చెరచును. ఫెర్రస్ ఇనుముతో యురేనియమును దించవచ్చునా యని అడిగినచో మామూలు గంధకామ్లమున ఎవరైనను వీలుకాదనియే చెప్పుదురు; ఏలనన ఆ ద్రావణమున ఇనుము తన ఎలక్ట్రానును యురేనియమునకు ఒసగుటకు సమ్మతింపదు. గోపాలరావుగారు మాధ్యమమును మార్చిరి. గాఢమైన ఫాస్ఫారికామ్లమున ఫెర్రిక్ ఇనుమును ఫాస్ఫేటు గట్టిగా బంధించును. నాలుగవ స్థితి యురేనియమును కూడ అట్లే బంధించును. దానితో ఇనుమునకు ఎలక్ట్రాను నిచ్చు ఉత్సాహము పెరుగును, యురేనియమునకు దానిని గైకొను ఉత్సాహమును పెరుగును. ఫలితముగా మామూలు ఫెర్రస్ ద్రావణము, గది ఉష్ణోగ్రతయందే, ఏ గొట్టమును లేకుండ, యురేనియమును ఖచ్చితముగా నాలుగవ స్థితికి మాత్రమే దించును. అంతకుమించి దించజాలదు. పదార్థములు మారలేదు, వాని పరిసరము మారినది. పరిసరమును మార్చి స్వభావమును మార్చవచ్చునన్న ఈ ఊహలో గల సౌందర్యమును మించినది నా వృత్తిలో నేను వేరొకటి చూడలేదు.

రెండు సంవత్సరముల పిమ్మట, 1964లో, అదే 'టాలంటా'లో బ్రిటను రసాయనజ్ఞులైన డేవీస్, గ్రే అనువారు యురేనియమును నిర్దుష్టముగా కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. గాఢ ఫాస్ఫారికామ్లమున ఫెర్రస్ ఇనుముతో యురేనియమును దించుటయే అందు మొదటి మెట్టు. మిగిలిన ఫెర్రస్ ఇనుమును మాలిబ్డినము సహాయమున నత్రికామ్లముతో ఆక్సీకరించి, ద్రావణమును నీటితో పలుచన చేసి, తుదకు డైక్రోమేటుతో అంశమాపనము చేయుట తక్కిన మెట్లు. ఈ పద్ధతి అణు ఇంధనపు లెక్కలకు ప్రపంచమంతట ప్రమాణమైనది. నమూనాలో యురేనియము ఎంత శాతమో వేయింటికొక వంతు తప్పు కూడ లేకుండ చెప్పవలసిన చోట, అణ్వస్త్రములకై ఇంధనము దారిమళ్ళలేదని అంతర్జాతీయ పర్యవేక్షకులు ధ్రువపరుపవలసిన చోట, నేటికిని ఈ అంశమాపనమే ఆధారముగా నున్నది. తరువాత అమెరికాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రయోగశాలవారు దీనిని సంస్కరించినపుడు తుది అంశమాపనము చురుకుగా నడచుటకై కలిపినది వెనేడియము లవణము. గోపాలరావుగారు తొలుత చేపట్టిన లోహమును, పిదప చేపట్టిన ఆమ్లమును ఒకే బీకరులో కలిసినవి.

పద్ధతికి డేవీస్, గ్రే పేర్లు నిలచుటలో నేను తప్పెన్నను. వారు చేసిన కృషి వారిది. క్రొత్త పదార్థమును కనుగొన్నవాని పేరు పదార్థముతోపాటు బ్రదుకును. పద్ధతిని నిర్మించినవాని పేరు, ఆ పద్ధతి ఎంత విజయవంతమైన అంత త్వరగా వాడుకలో కరగిపోవును. ఎల్లరును దానిని వాడుదురు, ఎవ్వరును దాని పుట్టుకను అడుగరు. ఇది ఈ శాస్త్రపు స్వభావమైనప్పుడు, పేరును కాపాడు బాధ్యత పరదేశపు పత్రికలది కాదు. ఆయన పాఠము చెప్పిన గదులు ఎవరివో వారిది.

కొలుచుట రెండవ తరగతి పనియని, కనుగొనుట మొదటి తరగతి పనియని తలచువారు కలరు. వారికి యల్లాప్రగడ సుబ్బారావుగారి ఉదాహరణము చాలును. భీమవరమున 1895లో జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరిన ఆయన పేరు మొట్టమొదట శాస్త్రలోకమున మ్రోగినది 1925లో, సైరస్ ఫిస్కేతో కూడి భాస్వరమును రంగు ద్వారా కొలుచు పద్ధతిని ప్రకటించినపుడు. మాలిబ్డేటుతో ఫాస్ఫేటు కలిసి, ఒక అమైనోనాఫ్తాల్ సల్ఫోనికామ్లముచే క్షయకరణము పొంది నీలిరంగు నిచ్చును. ఆ నీలిమ గాఢతయే భాస్వరపు పరిమాణము. కండర ద్రవమును ఈ విధముగా పరీక్షించునపుడు రంగు వెంటనే రాక మెల్లమెల్లగా పెరుగుట వారి కంటబడినది. తొందరపాటు గల చేయి దానిని పరికరపు దోషమని త్రోసివేసియుండును. వారు త్రోసివేయక వెంబడించి, ఆమ్లమున విడిపోవుచున్న క్రొత్త భాస్వర సమ్మేళనము కండరమున కలదని 1927లో వెల్లడించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము శక్తిని ఎట్లు సంతరించుకొనునన్న ప్రశ్నకు సమాధానము, నమ్మదగిన కొలత పద్ధతి యొకటి ఉన్నందుననే దొరకినది. తమ విశ్వవిద్యాలయపు ఆచార్యుని కృషిని ఈ వరుసలోనే చూడవలెనని నా ప్రార్థన.

ఇప్పుడు మా జిల్లా మాట. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు సమగ్ర కాలుష్య సూచిక నిర్ణయించినపుడు చంద్రపూరు 83.88 అంకముతో నాలుగవ స్థానమున నిలచినది. విద్యుత్కేంద్రపు బూడిద, బొగ్గుధూళి, సిమెంటు కొలుముల పొగ ఈ ఊరివారి నిత్యానుభవము. దీనికి తోడు కొన్ని గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు పరిమితిని మించియున్నది. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వాంఛనీయము, వేరు దారి లేనిచోట 1.5 వరకు సహ్యము. ఈ రెండింటి మధ్య అరమిల్లీగ్రాము తేడాపై ఒక గ్రామపు చేతిపంపు తెరచియుండుటయో మూతపడుటయో, ఒక పసివాని పండ్లు, ఎముకలు చెడుటయో చెడకుండుటయో ఆధారపడియుండును. నల్లగొండ, ప్రకాశము జిల్లాల తెలుగువారికి ఈ దుఃఖమును వివరింప నక్కరలేదు. నేటి ప్రకాశము జిల్లా ప్రాంతమునుండియే 1937లో షార్ట్ మొదలైన వైద్యులు భారతదేశపు ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రలోకమునకు మొదట తెలిపిరి. ఆ అరమిల్లీగ్రామును తేల్చు రసాయన పరీక్షలో, జిర్కోనియముతో కూడిన రంగు ఫ్లోరైడు తగిలి వెలిసిపోవుటను కొలుతురు. నీటిలో అల్యూమినియ మున్నచో అది ఫ్లోరైడును తానే పట్టుకొని, ఉన్నదానికంటె తక్కువ చూపును. ఇది తెలిసిన రసాయనజ్ఞుడు ముందుగా స్వేదనము చేసి ఫ్లోరైడును వేరుచేసి కొలుచును. తెలియనివాడు యంత్రము చూపిన అంకెను వ్రాసి సంతకము చేయును. రెండు కాగితములును చూచుటకు ఒకే తీరున నుండును.

నేటి ప్రయోగశాలలలో యంత్రములు వచ్చినవి, వచ్చుట మంచిదే. పరమాణు శోషణ వర్ణపటమాపకము వంటి యంత్రములు లేకుండ బూడిదనీటిలోని సీసమును, పాదరసమును పట్టుట కష్టము. కాని యంత్రమునకు నమూనా నందించు చేతికి, ఆ నమూనాలో ఏ పదార్థము దేనిని మరుగుపరచునో, ఏ మాధ్యమమున ఏది ఎట్లు ప్రవర్తించునో తెలియకపోయిన ఆ అంకెకు విలువ లేదు. కాగితపు పరిశ్రమలో వెదురుగుజ్జు ఎంత ఉడికినదో తెలిసికొనుటకు కప్పా సంఖ్యను చూతుము: 1 గ్రాము గుజ్జు, నియమిత పరిస్థితులలో పది నిమిషములలో, ఎంత పర్మాంగనేటును హరించునో కొలిచి, మిగిలిన దానిని అయొడైడుతో చర్య జరిపి, విడుదలైన అయొడీనును థయోసల్ఫేటుతో అంశమాపనము చేయుదుము. ఈ పనికి క్రొత్తగా వచ్చిన పట్టభద్రులకు, 25 డిగ్రీల ఉష్ణోగ్రతయే ఎందుకు, పది నిమిషములే ఎందుకు అని అడిగితిని. పుస్తకమున నున్నది గనుక అన్నవారే అధికులు. వారు తెలివితక్కువవారు కారు. పద్ధతిని ఒకరు నిర్మించిరనియు, ప్రతి నియమము వెనుక ఒక విఫల ప్రయోగము కలదనియు వారికి ఎవ్వరును చెప్పలేదు. గోపాలరావుగారి వ్యాసములు చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న స్వయముగానే పుట్టును. ఏలనన ఆ వ్యాసములు ఎల్లవేళల ఏది పనిచేసినదో చెప్పుటతో ఆగక, ఏ గాఢతయందు సూచిక మందగించినదో, ఏది కలిపిన పిదప చురుకెక్కినదో కూడ చెప్పును.

కావున నా విన్నపములు మూడు. మొదటిది, ఆయనయు ఆయన శిష్యులును జర్మను, ఆంగ్ల, భారతీయ పత్రికలలో ప్రకటించిన వ్యాసములను విశ్వవిద్యాలయమే సేకరించి, ఒక సంపుటముగా, అందరికిని ఉచితముగా అందునట్లు ప్రకటింపవలెను. అనేక పత్రికలు నేడు డబ్బు చెల్లింపనిదే చదువ వీలుకానివై యున్నవి. వాల్తేరులో పుట్టిన విద్య వాల్తేరు విద్యార్థికి కొనవలసిన వస్తువు కారాదు. రెండవది, ఆయన విద్యాభ్యాసమును, అలహాబాదు నాటి పరిశోధనమును, వాల్తేరున నిర్మించిన శాస్త్రపాఠశాలను తెలుగులో వివరించు గ్రంథమొకటి, ఆయన వద్ద చదివినవారును వారి శిష్యులును మన మధ్య నుండగనే వ్రాయించవలెను. ఆయన ప్రయోగశాలలో ద్రావణములు ఎట్లు తయారైనవో, లెక్కలు ఎట్లు దిద్దబడినవో చెప్పగలవారి జ్ఞాపకములు ఏ పత్రికలోను అచ్చుపడలేదు. మూడవది, యంత్రములు వాడుటకు ముందు మాధ్యమమును, సూచికను, అడ్డంకులను అర్థముచేసికొను చేతిపనిపై ఒక స్వల్పకాలిక శిక్షణను సెలవులలో నెలకొల్పి, పరిశ్రమలలో పనిచేయు యువ రసాయనజ్ఞులను, రాష్ట్రపుటెల్లలకు ఆవల నున్నవారిని కూడ, అందు చేర్చుకొనవలెను. రాజురా, బల్లార్పూరు, సిరొంచా ప్రాంతముల తెలుగు బిడ్డలు గోండ్వానా విశ్వవిద్యాలయ పట్టభద్రులైనను విశాఖపట్టణమునకు రైలెక్కుటకు వెనుదీయరు. బల్లార్షాలో ఎక్కినవారు కాజీపేట మీదుగా రావచ్చును.

మూడవ విన్నపమునకు వ్యయము పెద్దది కాదు. బ్యూరెట్లు, పిపెట్లు, ఫాస్ఫారికామ్లము, ఫెర్రస్ లవణము, డైక్రోమేటు తమ ప్రయోగశాలలలో ఉన్నవే. యురేనియముతో పాఠము చెప్పుటకు అనుమతులు కష్టమైనచో వెనేడియముతో చెప్పవచ్చును. విశ్లేషణలో ఆయన స్వయముగా మొదలిడినదియు అచ్చటనే. ఈ జిల్లా కర్మాగారముల ప్రయోగశాలలలో పనిచేయు తెలుగు యువకులలో ఆసక్తి గలవారి పేర్లను కూర్చి పంపుటకు నేనును, నావంటి విశ్రాంత రసాయనజ్ఞులు మరికొందరును సిద్ధముగా నున్నాము. శిక్షణ ఏ సెలవులలో సాధ్యమగునో తెలియజేసినచో వారు తమ తమ సంస్థలనుండి సెలవు కోరుకొందురు.

ఇట్లు,
విధేయుడు,
బల్లార్పూరు వాస్తవ్యుడైన ఒక విశ్రాంత రసాయనజ్ఞుడు